72 గంటల మాత్ర: గడువు ఒక్కటే చెబితే చాలదు

పన్నెండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ జీవశాస్త్ర పుస్తకంలో అత్యవసర గర్భనిరోధకాల ప్రస్తావన రెండు మూడు లైన్లకు మించదు. కలయిక తర్వాత 72 గంటల్లోగా హార్మోన్ మాత్రలు వేసుకున్నా, గర్భాశయంలో సాధనం పెట్టించుకున్నా గర్భం రాకుండా చూసుకోవచ్చన్నది అందులోని సారం. రెండు మార్కుల ప్రశ్నకు అది చాలు. రాత్రి కండోమ్ చిరిగి, పొద్దున మెడికల్ షాపు ముందు నిలబడ్డ పందొమ్మిదేళ్ల జంటకు మాత్రం అది చాలదు. పైగా ఆ 72 అనే అంకె ఒక రకంగా చెడుపు చేస్తుంది. "మూడు రోజుల టైముంది కదా, ఎల్లుండి చూద్దాం" అనిపిస్తుంది. మాత్ర డబ్బా మీద కూడా పెద్దక్షరాల్లో కనిపించేది ఆ అంకే.

యువతకు ఈ విషయం చెప్పేవాళ్లు సాధారణంగా నియమాల జాబితా ఇస్తారు: ఇన్ని గంటల్లోగా వేసుకోవాలి, తరచుగా వేసుకోకూడదు, ఇది అబార్షన్ మాత్ర కాదు. విన్నవాళ్లకు వారం తిరిగేసరికి సగం గుర్తుండదు. అదే మాత్ర ఒంట్లో ఏం చేస్తుందో ఒక్కసారి సరిగ్గా అర్థమైతే ఈ నియమాలన్నీ ఎవరూ చెప్పకుండానే తడతాయి. కాబట్టి మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

మాత్ర ఆపేది అండాన్ని

కలిసిన వెంటనే గర్భం వచ్చేయదు. వీర్యకణాలు స్త్రీ శరీరంలో ఐదు రోజుల దాకా బతికి ఉండగలవు. అండం మాత్రం విడుదలయ్యాక 12 నుంచి 24 గంటలే ఉంటుంది. అందుకే నెలలో గర్భం వచ్చే అవకాశం ఉన్నవి దాదాపు ఆరు రోజులు: అండం విడుదలయ్యే రోజు, దానికి ముందు ఐదు రోజులు. వీర్యకణాలు ముందే వచ్చి అండం కోసం కాచుకుని ఉండడమన్నది సర్వసాధారణం. అత్యవసర మాత్రకు దొరికే వ్యవధి ఆ కాచుకుని ఉన్న కాలమే.

అండం విడుదలకు ముందు మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి ఎల్‌హెచ్ అనే హార్మోన్ ఒక్కసారిగా ఉప్పొంగుతుంది. అది మొదలైన సుమారు 36 గంటలకు అండం బయటికి వస్తుంది. మన దేశంలో దొరికే అత్యవసర మాత్రలో ఉండే మందు లెవోనార్‌జెస్ట్రెల్, 1.5 మిల్లీగ్రాములు. ఇది ఆ ఉప్పెనను అణచిపెడుతుంది. అండం విడుదల కొన్ని రోజులు వెనక్కి జరుగుతుంది. ఈలోగా వీర్యకణాలు చచ్చిపోతాయి. మందు చేసే పని ఇంతే. ఎల్‌హెచ్ పెరగడం ఒకసారి మొదలైందంటే ఈ మందు దాన్ని ఆపలేదు. అండం అప్పటికే విడుదలై ఉంటే చేయగలిగింది ఏమీ లేదు. పిండం గర్భాశయంలో కుదురుకోవడాన్ని ఇది అడ్డుకోదనీ, కుదురుకున్న గర్భానికి హాని చేయదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగానే చెప్పింది.

కాగితం మీద ఒక ఉదాహరణ వేసి చూస్తే విషయం ఇంకా తేటగా తెలుస్తుంది. కాలేజీల్లో చెప్పేవాళ్లు బోర్డు మీద క్యాలెండర్ గీసి ఇదే లెక్క చేయించవచ్చు. ఒకమ్మాయికి 30 రోజులకోసారి నెలసరి వస్తుంది. ఈసారి 1వ తేదీన వచ్చింది. తర్వాతిది 31న రావాలి. అండం విడుదలయ్యేది తర్వాతి నెలసరికి సుమారు 14 రోజుల ముందు, అంటే 17 ప్రాంతంలో. 13వ తేదీ రాత్రి 11 గంటలకు కండోమ్ చిరిగింది. 14వ తేదీ పొద్దున్నే మాత్ర వేసుకుంటే ఎల్‌హెచ్ ఇంకా లేవలేదు, మందు పనిచేయడానికి మంచి అవకాశం ఉంది. అదే 16వ తేదీ సాయంత్రం 6 గంటలకు వేసుకుంటే? గడువు ఇంకా ఐదు గంటలుంది. డబ్బా మీది లెక్క ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఎల్‌హెచ్ అప్పటికే మొదలై ఉండవచ్చు, మాత్ర వృథా కావచ్చు.

ఈ లెక్క చూపేది నమూనా మాత్రమే. ఈ వయసులో చాలామందికి నెలసరి ఇంత క్రమంగా రాదు, పరీక్షల ఒత్తిడికో జ్వరానికో అండం విడుదల అటూఇటూ జరుగుతుంది. అందుకని "నాకివి సేఫ్ రోజులే" అని లెక్కేసుకుని మాత్ర మానేయడం తెలివైన పని కాదు. తేదీ ఏదైనా, తెలిసిన వెంటనే వేసుకోవడమే.

శాతాల అర్థం

1998లో వెలువడిన ప్రపంచ ఆరోగ్య సంస్థ అధ్యయనంలో లెవోనార్‌జెస్ట్రెల్ తొలి 24 గంటల్లో వేసుకున్నవాళ్లలో 95 శాతం, 25 నుంచి 48 గంటల మధ్య 85 శాతం, 49 నుంచి 72 గంటల మధ్య 58 శాతం గర్భాలను నివారించింది. తర్వాత వచ్చిన విశ్లేషణల్లో ఈ తగ్గుదల ఇంత నిటారుగా కనిపించలేదు. 72 గంటలు దాటాక ఐదో రోజు దాకా కూడా కొంత ఫలితం ఉండవచ్చు కనుక, నాలుగో రోజున ఇక చేసేదేమీ లేదని వదిలేయనక్కర్లేదు. కానీ అప్పటికి దాని మీద భరోసా పెట్టుకోవడం కష్టం.

95 శాతం అంటే వేసుకున్న వందలో ఐదుగురికి గర్భం వస్తుందని కాదు. ఏ రక్షణా లేకుండా వంద మంది ఒక్కోసారి కలిస్తే, నెలలోని రోజులన్నిటి మీద సగటున ఎనిమిది మందికి గర్భం వస్తుందనుకుందాం. మాత్ర తగ్గించేది ఆ ఎనిమిదిని. మొత్తం మీద వేసుకున్న వందలో గర్భం వచ్చేది ఒకరికో ఇద్దరికో. మాత్ర వేసుకున్న చాలామందికి అసలు ఆ రోజున గర్భం వచ్చే అవకాశమే ఉండి ఉండదు. "మా ఫ్రెండుకి పనిచేసింది" అనే సాక్ష్యం ఎందుకు బలహీనమైనదో కూడా ఇక్కడే అర్థమవుతుంది.

మెడికల్ షాపు దగ్గర

లెవోనార్‌జెస్ట్రెల్ అత్యవసర మాత్రను 2005 నుంచి డాక్టర్ చీటీ లేకుండానే అమ్మవచ్చు. పెళ్లయిందా అని అడగాల్సిన పని షాపు అతనికి లేదు, అడిగినా చెప్పాల్సిన పని కొనేవాళ్లకు లేదు. ఐ-పిల్, అన్‌వాంటెడ్-72 రెండూ ఒకే మందు, ఒకే మోతాదు. ఏది దొరికితే అది. ప్రభుత్వ సరఫరాలో ఉండే ఈజీ పిల్ కూడా అదే. ఉపకేంద్రాల్లో, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఉచితంగా ఇస్తారు, ఆశా కార్యకర్త దగ్గర నామమాత్రపు ధరకు దొరుకుతుంది. అయితే ఊళ్లో తెలిసిన ఆశా అక్క దగ్గరికి పెళ్లికాని అమ్మాయి వెళ్లి అడగడమన్నది కాగితం మీద ఉన్నంత సులువు కాదు. చదువుకునే పిల్లలు పక్క వీధి షాపు వదిలేసి బస్సెక్కి వేరే పేటకు వెళ్లి కొనుక్కునేది అందుకే. పొరుగున తమిళనాడులో చట్టపరంగా నిషేధం లేకపోయినా షాపుల్లో ఈ మాత్ర దొరకడం ఏళ్ల తరబడి కష్టంగా ఉంది. చెన్నైలో, కోయంబత్తూరులో చదివే తెలుగు విద్యార్థులు ముందే తెలుసుకోవాల్సిన సంగతి ఇది.

ప్రమాదకరమైన పొరపాటు జరిగేది అడిగే మాటలో. సిగ్గుకొద్దీ "ఆ టాబ్లెట్", "కడుపు రాకుండా టాబ్లెట్", కొన్నిసార్లు "అబార్షన్ టాబ్లెట్" అని గొణిగితే చేతికి వేరే డబ్బా వచ్చే అవకాశం ఉంది. ఒకే బ్రాండ్ పేరు మీద మూడు వేర్వేరు డబ్బాలున్నాయి: అన్‌వాంటెడ్-72 అత్యవసర మాత్ర, అన్‌వాంటెడ్ 21 డేస్ రోజూ వేసుకునే మాత్రలు, అన్‌వాంటెడ్ కిట్ అబార్షన్ మందులు. తేడా పట్టడానికి డబ్బా విప్పి లెక్కపెడితే చాలు. అత్యవసర మాత్ర ఒక్కటే ఉంటుంది, వెనక లెవోనార్‌జెస్ట్రెల్ 1.5 ఎంజి అని రాసి ఉంటుంది. అదే మందు 0.75 ఎంజి మాత్రలు రెండుగా దొరికితే రెండూ ఒకేసారి వేసుకోవచ్చు. కిట్‌లో ఐదు మాత్రలుంటాయి: మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములది ఒకటి, మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాములవి నాలుగు. అవి గర్భం నిర్ధారణ అయ్యాక, అది గర్భాశయంలోనే ఉందని, ఎన్ని వారాలదో తెలుసుకుని, డాక్టర్ పర్యవేక్షణలో వాడాల్సినవి. గర్భాశయంలోకి చేరకుండా ట్యూబులో నిలిచిన గర్భానికి అవి పనిచేయవు, ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి షాపులో నోరు తెరిచి "ఎమర్జెన్సీ కాంట్రాసెప్టివ్ పిల్" అనో, ఫోన్‌లో పేరు చూపించో అడగడం మేలు. గడువు తేదీ చూసుకోవడం మామూలే.

మాత్రను నీళ్లతో మింగాలి. తిన్నాక వేసుకుంటే వికారం కొంత తగ్గుతుంది, అంతకుమించి తిండితో పని లేదు. అన్నం కోసం ఆగనక్కర్లేదు. వేసుకున్న రెండు గంటల్లోపు వాంతి అయితే మందు పూర్తిగా ఒంటికి పట్టలేదని లెక్క, ఇంకో మాత్ర వేసుకోవాలి. రెండు గంటలు దాటాక అయితే మళ్లీ అక్కర్లేదు.

ఒక మాత్ర సరిపోని వాళ్లు

క్షయకు మందులు వాడుతున్నవాళ్ల గురించి మన దగ్గర ప్రత్యేకంగా చెప్పాలి. ఆ కోర్సులో ఉండే రిఫాంపిసిన్ కాలేయంలో కొన్ని ఎంజైములను పెంచి లెవోనార్‌జెస్ట్రెల్‌ను తొందరగా విరిచేస్తుంది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపైన్, ఫినోబార్బిటాల్, హెచ్‌ఐవీ మందుల్లో ఎఫావిరెంజ్ కూడా ఇదే పని చేస్తాయి. ఈ మందులు ఆపేసి నాలుగు వారాలు కాకపోయినా ప్రభావం ఉంటుంది. అలాంటివాళ్లకు మొదటి సలహా కాపర్-టి, అంటే గర్భాశయంలో పెట్టే రాగి సాధనం. అది కుదరకపోతే బ్రిటన్‌లో నిపుణులు చెప్పే పద్ధతి రెండు మాత్రలు, అంటే 3 మిల్లీగ్రాములు ఒకేసారి. బరువు 70 కిలోలు దాటినా, శరీర బరువు సూచిక (బీఎంఐ) 26 దాటినా ఒక్క మాత్ర అంతగా పనిచేయకపోవచ్చని, బ్రిటన్‌లో అలాంటివాళ్లకూ ఇదే సూచిస్తారు. మాత్ర డబ్బాలోని కాగితం మీద ఈ సంగతులు ఉన్నా చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి, చదివేవాళ్లు తక్కువ.

అత్యవసర మాత్ర ఎక్కడా దొరకని చోట పాత పద్ధతి ఒకటుంది. రోజూ వేసుకునే గర్భనిరోధక మాత్రలైన మాలా-డి, మాలా-ఎన్ ప్యాకెట్లలో 21 హార్మోన్ మాత్రలు, 7 ఐరన్ మాత్రలు ఉంటాయి. హార్మోన్ మాత్రలు నాలుగు ఒకేసారి, 12 గంటల తర్వాత మరో నాలుగు వేసుకోవాలి. ముదురు రంగువి ఐరన్ మాత్రలు, అవి లెక్కలోకి రావు. ఇది లెవోనార్‌జెస్ట్రెల్ ఒక్కదానికన్నా తక్కువ పనిచేస్తుంది, వికారం, వాంతులు బాగా ఎక్కువ. రక్తం గడ్డకట్టే జబ్బు ఉన్నవాళ్లు, మైగ్రేన్ తీవ్రంగా ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడక్కుండా ఇది చేయకూడదు.

అన్నిటికన్నా బాగా పనిచేసేది, అందరికన్నా తక్కువగా తెలిసింది కాపర్-టి. కలిసిన ఐదు రోజుల్లోగా పెట్టించుకుంటే 99 శాతానికి పైగా గర్భాలను ఆపుతుంది. పాఠ్యపుస్తకం దీనికీ 72 గంటలే అంటుంది, నిజానికి 120 గంటల దాకా ఉంది. రాగి వీర్యకణాలకు విషం, అండంతో కలవనివ్వదు. దీనికి ఎల్‌హెచ్ లెక్కలతో, బరువుతో, వేరే మందులతో సంబంధం లేదు. పైన చెప్పిన ఉదాహరణలో 16వ తేదీ దాటిపోయినా 18వ తేదీ రాత్రి వరకు ఈ దారి తెరిచే ఉంటుంది. ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితం. 380ఏ రకం పదేళ్లు, 375 రకం ఐదేళ్లు పనిచేస్తుంది, ఎప్పుడు కావాలంటే అప్పుడు తీయించుకోవచ్చు. పెట్టడానికి కొన్ని నిమిషాలు పడుతుంది, కడుపులో మెలిపెట్టినట్టు నొప్పి వస్తుంది, మొదటి కొన్ని నెలలు నెలసరిలో రక్తం ఎక్కువ పోవచ్చు. జననాంగాల్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు, అప్పటికే గర్భం ఉన్నప్పుడు పెట్టరు. పిల్లలు పుట్టనివాళ్లకు పెట్టకూడదన్న వైద్య నియమం లేదు. అయినా పెళ్లికాని అమ్మాయి అడిగితే చాలాచోట్ల వెనక్కి పంపేస్తారన్నది అందరికీ తెలిసిందే. అక్కడ అడ్డుపడేది వైద్యశాస్త్రం కాదు.

విదేశాల్లో ఉన్న విద్యార్థులకు ఇంకో మందు అందుబాటులో ఉంది: ఉలిప్రిస్టల్ 30 మిల్లీగ్రాములు. ఎల్‌హెచ్ పెరగడం మొదలయ్యాక కూడా, అది శిఖరానికి చేరకముందు వరకు ఇది పనిచేస్తుంది, అందుకే ఐదు రోజుల గడువు. వేసుకున్న మూడు గంటల్లోపు వాంతి అయితే మళ్లీ వేసుకోవాలి. బ్రిటన్‌లో ఫార్మసిస్టును అడిగి తీసుకోవచ్చు, అమెరికాలో డాక్టర్ చీటీ కావాలి. లెవోనార్‌జెస్ట్రెల్ మాత్ర ప్లాన్ బి వన్-స్టెప్ మాత్రం అమెరికాలో 2013 నుంచి వయసుతో పనిలేకుండా షాపు అరల్లోనే దొరుకుతోంది.

మాత్ర తర్వాతి రోజులు

మాత్ర అండాన్ని వెనక్కి జరిపిందే తప్ప రద్దు చేయలేదు. మన క్యాలెండర్‌లో 17న రావాల్సిన అండం 21కో 22కో రావచ్చు. 18న "మాత్ర వేసుకున్నాం కదా" అని రక్షణ లేకుండా కలిస్తే, ఆ వీర్యకణాలకు అండం ఎదురొస్తుంది. అత్యవసర మాత్ర వేసుకున్న నెలలో గర్భం రావడానికి ఒక ముఖ్య కారణం ఇదే. అది జరిగిపోయిన కలయికకు మందు, జరగబోయేదానికి కాదు. కాబట్టి తర్వాతి నెలసరి దాకా కండోమ్ తప్పనిసరి. రోజూ వేసుకునే మాత్రలు మొదలుపెట్టాలనుకుంటే లెవోనార్‌జెస్ట్రెల్ తర్వాత వెంటనే మొదలుపెట్టవచ్చు, మొదటి ఏడు రోజులు కండోమ్ కూడా వాడాలి. ఉలిప్రిస్టల్ అయితే ఐదు రోజులు ఆగాలి, హార్మోన్ మాత్రలు దాని పనిని చెడగొడతాయి. వారానికోసారి వేసుకునే ఛాయ మాత్రను అత్యవసర మాత్ర అనుకునేవాళ్లున్నారు. అది మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికి ఒకసారి క్రమంగా వాడాల్సింది. ప్రమాదం జరిగాక ఒకటి మింగితే లాభం లేదు.

వికారం, తలనొప్పి, నీరసం, రొమ్ముల్లో సలపరం ఒకట్రెండు రోజులు ఉండవచ్చు. మధ్యలో కొద్దిగా రక్తం కనిపించవచ్చు. దాన్ని చూసి "నెలసరి వచ్చేసింది, పని అయిపోయింది" అనుకోకూడదు. అసలు నెలసరి వారం ముందో వారం వెనకో రావడం మామూలే. అనుకున్న తేదీకి వారం దాటినా రాకపోతే, లేదా కలిసిన మూడు వారాలకు, పొద్దున మొదటి మూత్రంతో పరీక్ష చేసుకోవాలి. మూడు రోజులకే కిట్ కొని ఒక గీత చూసి ఊపిరి పీల్చుకోవడం వల్ల ప్రయోజనం లేదు, అప్పటికి గర్భం ఉన్నా కిట్‌లో కనిపించదు. తర్వాతి వారాల్లో పొత్తికడుపులో ఒకవైపు తీవ్రమైన నొప్పి, కళ్లు తిరగడం, పడిపోవడం జరిగితే ట్యూబులో గర్భం అయి ఉండవచ్చు, ఆలస్యం లేకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

పదే పదే వేసుకుంటే పిల్లలు పుట్టరన్న భయం ఇంటింటా ఉంది. దానికి ఆధారం లేదు. ఒకే నెలలో రెండోసారి అవసరపడినా వేసుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. అభ్యంతరం ప్రమాదం గురించి కాదు, లెక్క గురించి. ప్రతిసారీ ఉండే ఆ కొద్దిపాటి ముప్పు ఏడాది పొడుగునా కలిసి పెద్దదవుతుంది, నెలసరి క్రమం తప్పి ఏది ఎప్పుడో తెలియకుండా పోతుంది. ఇక బొప్పాయి, నువ్వులు బెల్లం, వేడినీళ్లతో కడగడం, మెట్లెక్కి దిగడం వంటివాటితో గర్భం ఆగదు. వాటితో పోయేది ఆ మొదటి 24 గంటలు.

అబ్బాయిలను ఈ పాఠానికి దూరంగా కూర్చోబెట్టడం మన దగ్గర ఆనవాయితీ. షాపుకు వెళ్లి కొనేది చాలాసార్లు వాళ్లే అయినప్పుడు, డబ్బాలో ఒక మాత్ర ఉండాలా ఐదు ఉండాలా అన్నది వాళ్లకు తెలియకపోతే ఎలా? ఆమె టీబీ మందులు వాడుతోందా అని షాపు దగ్గర గుర్తు చేసుకోవాల్సిందీ వాళ్లే.

బలవంతం జరిగినప్పుడు లెక్క మారుతుంది. అత్యవసర మాత్రతో పాటు హెచ్‌ఐవీ రాకుండా వేసే మందులు కూడా 72 గంటల్లోగా మొదలుపెట్టి 28 రోజులు వాడాలి, గర్భనిరోధక మాత్ర హెచ్‌ఐవీని గానీ వేరే సుఖవ్యాధులను గానీ ఆపదు. అత్యాచార బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ ఉచితంగా చికిత్స చేసి తీరాలని చట్టం చెబుతోంది. ఇంతకుముందు నేర విచారణ ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ) 357సీ సెక్షన్, ఇప్పుడు భారతీయ నాగరిక సురక్షా సంహితలో 397. ముందు ఎఫ్ఐఆర్ తెమ్మని చికిత్స ఆపడానికి వీల్లేదు. 18 ఏళ్లలోపు వాళ్ల విషయంలో, ఇష్టపూర్వకంగా కలిసినా, పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పాలి. ఆ భయంతో పిల్లలు ఆసుపత్రి గడప తొక్కరు. గర్భం తీయించుకోవడానికి వచ్చిన మైనర్ విషయంలో, ఆమె, ఆమె సంరక్షకులు కోరితే, పేరు, వివరాలు బయటపెట్టకుండానే డాక్టర్ ఆ సమాచారం ఇవ్వవచ్చని 2022 సెప్టెంబర్ 29 తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది. అదే తీర్పు, చట్టం అనుమతించిన సందర్భాల్లో 24 వారాల వరకు గర్భస్రావం చేయించుకునే హక్కు పెళ్లికాని స్త్రీలకూ ఉందని తేల్చింది. మాత్ర పనిచేయని ఆ ఒకరిద్దరికి తర్వాతి దారి అక్కడ మొదలవుతుంది, దానికి వెళ్లాల్సింది గైనకాలజిస్టు దగ్గరికి, మెడికల్ షాపుకు కాదు.